సిక్కా రాయిజుల్ వఖ్త్: హాలీ రూపాయి నుంచి చారాణ దాకా

నికాహ్‌లో మెహర్ రఖం చదివాక ఖాజీ సాబ్ ఒక మాట తప్పకుండా కలుపుతాడు: సిక్కా రాయిజుల్ వఖ్త్. ఆ వఖ్తులో రివాజులో ఉన్న సిక్కా, అంటే అప్పుడు చెల్లుబాటయ్యే నాణెం అని అర్థం. హైదరాబాద్ నుంచి మా టేకుమట్ల దాకా ఎన్ని వేల నికాహ్‌నామాల్లో ఈ మాట రాశారో లెక్కలేదు. చదివేవాళ్ళలో చాలామందికి అదొక రస్మ్. నాకు మాత్రం అందులో మన బుజుర్గుల తజ్రుబా కనిపిస్తుంది. సర్కారు మారుతుంది, సిక్కా మారుతుంది, నేడు చెల్లేది రేపు చెల్లదు. కానీ ఒక ఔరత్‌కి రావలసిన హఖ్ మారకూడదు. అందుకే రఖం పక్కన నాణెం పేరు కాకుండా ఈ షరతు రాశారు.

సిక్కాలు రద్దవడం గురించి మాట్లాడితే అందరూ 2016 నవంబరు 8 రాత్రి నోట్ల సంగతే ఎత్తుతారు. అది పెద్ద నోట్ల కథ. నేను చెప్పదలుచుకున్నది చిన్న నాణేల కథ. పెద్ద నోటు రద్దయితే దేశమంతా లైన్లో నిలబడుతుంది, అఖ్బార్లు రాస్తాయి, అసెంబ్లీలో బహస్ నడుస్తుంది. చిన్న నాణెం రద్దయితే ఎవరికీ చప్పుడు వినిపించదు. మా ఇలాఖాలో వందేళ్ళలో అలా చిల్లర ఎన్నిసార్లు చచ్చిందో, ఆ చచ్చిన ప్రతిసారీ ఎవరి జేబుకు చిల్లు పడిందో హిసాబ్ చేసి చూద్దామని ఈ ముక్క రాస్తున్నాను.

ముందు హాలీ సిక్కా సంగతి. మా టేకుమట్ల ఇవాళ జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఒక మండలం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు చిట్యాల మండలం నుంచి వేరుపడింది. అంతకు ముందు వరంగల్ జిల్లా. ఇంకా ముందుకు పోతే ఆసఫ్‌జాహీ సల్తనత్. మా తాతల కాలంలో ఇక్కడి సంతలో నడిచింది బ్రిటిష్ ఇండియా రూపాయి కాదు, నిజాం సర్కారు హాలీ సిక్కా. హాల్ అంటే ప్రస్తుతం. హాలీ అంటే ప్రస్తుతం నడుస్తున్నది. తమాషా చూడండి, "ఇప్పటిది" అని పేరు పెట్టుకున్న సిక్కా ఇప్పుడు మ్యూజియంలో ఉంది.

ఆ పేరు పెట్టడానికి సబబు ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ దాకా రియాసత్‌లో ఒక్క టంకసాల కాదు, చాలా ఉండేవి. నారాయణపేట, గద్వాల లాంటి చోట్ల కూడా నాణేలు కొట్టేవారు. తూకంలో తేడా, వెండి పాళ్ళలో తేడా. ఒక తాలూకా దాటితే చేతిలో ఉన్న రూపాయి విలువ మారిపోయేది. దాన్ని చూసి, గీకి, మోగించి, ఇంత తరుగు పోతుందని చెప్పేవాడు సర్రాఫ్. ఆ తరుగు పేరు బట్టా. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు ఈ గందరగోళాన్ని సర్ది, నాణేల ముద్రణను హైదరాబాదుకు తెచ్చాడు. 1857 తర్వాత నాణేల మీద నుంచి బహదూర్‌షా జఫర్ పేరు పోయి, నిజాముల్ముల్క్ ఆసఫ్‌జాహ్ పేరు వచ్చింది. 1903లో సైఫాబాద్‌లో కొత్త టంకసాల తెరిచారు. నాణెం మీద చార్మినార్ బొమ్మ నిలిచింది. మహబూబ్ అలీ ఖాన్ కాలపు సిక్కా అయితే చార్మినార్ దర్వాజాలో "మీమ్" అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుదైతే "ఐన్" అక్షరం. చదువురాని ముసలవ్వలు కూడా ఆ అక్షరం ఆకారం చూసి ఏ నిజాంది అని చెప్పేవారట.

హైదరాబాద్‌కు మరో ఘనత కూడా దక్కింది. దేశంలోని రియాసత్‌లలో సొంత కాగితం నోట్లు ఇంత పెద్ద ఎత్తున నడిపింది ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై, 1918లో చట్టం చేసి నోట్లు తెచ్చారు. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. ఆ నోట్లు లండన్‌లో అచ్చయ్యేవి. 1922 మేలో "ఈజిప్ట్" అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగినప్పుడు అందులో బంగారం, వెండితో పాటు హైదరాబాద్ నోట్లు కూడా మునిగాయి. పదేళ్ళ తర్వాత గజ ఈతగాళ్ళు బంగారంతో బాటు ఆ నోట్లు కూడా పైకి తెచ్చారు. అవి డబ్బు కావు, సంతకం పడని కాగితాలు. వెండి నీళ్ళలో మునిగినా వెండే. నోటు మాత్రం సర్కారు దస్తఖత్ ఉన్నంత సేపే డబ్బు. చిల్లర నాణేనిదీ అదే తఖ్దీర్ అని మనకు తర్వాత తెలిసింది.

ఇక బ్యాంకు. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1941 నాటి చట్టంతో ఏర్పడి, 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో దర్వాజా తెరిచింది. ఉస్మానియా సిక్కా వ్యవహారం చూసుకోవడం దాని పని. అంటే నాణెం బతికినా చచ్చినా లెక్క రాసేది ఆ బ్యాంకే. 1956లో అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 1959లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కింద ఉపబ్యాంకు అయింది, 2017 ఏప్రిల్ 1న అందులో కలిసిపోయింది. మన దగ్గర చాలామంది ఇప్పటికీ నోరు తిరగక కాదు, మొహబ్బత్ కొద్దీ "ఎస్‌బీహెచ్" అనే అంటారు.

బ్యాంకు భాష కూడా ఒకసారి గమనించండి. జమా, ఖర్చు, బాకీ, వసూలు, రద్దు, రసీదు, కిస్తు, జామీను, తనఖా, దర్ఖాస్తు. తెలుగువాళ్ళు రోజూ వాడే ఈ మాటలన్నీ ఫార్సీ, అరబీ ఇళ్ళ నుంచి వచ్చి ఇక్కడ కోడళ్ళయినవే. సిక్కా పోయింది, జబాన్ మిగిలింది.

ఇప్పుడు అసలు మెలిక. బ్రిటిష్ ఇండియా రూపాయిని మా దిక్కు కల్దార్ అనేవారు. కల్ అంటే యంత్రం. యంత్రం మీద తయారైంది కాబట్టి కల్దార్. హాలీకి, కల్దార్‌కు మారకం ఎలా? ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. దీన్నే మరోలా చెబితే నూరు కల్దార్‌కు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. ఈ ఏడూ ఆరూ ఎక్కడి నుంచి ఊడిపడ్డాయని నేను కూడా చాలాకాలం తాజ్జుబ్ పడ్డాను. జవాబు వెండిలో ఉంది. చార్మినార్ రూపాయి తూకం 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్ళు. కల్దార్ తూకం 11.66 గ్రాములు, వెండి దాదాపు 917 పాళ్ళు. గుణించి చూడండి. ఒకదాంట్లో 9.14 గ్రాముల వెండి, ఇంకోదాంట్లో 10.69 గ్రాములు. రెండింటి నిష్పత్తి దాదాపు ఆరుకు ఏడు. అంటే ఈ మారకం ఎవరి జబర్దస్తీ కాదు, తరాజు చెప్పిన లెక్క. ఇంతవరకు ఇన్సాఫే.

మరి బేఇన్సాఫీ ఎక్కడ మొదలైంది? చిల్లరలో మొదలైంది.

1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ అయ్యాక కూడా హాలీ వెంటనే పోలేదు. 1950లో భారత రూపాయి పక్కన చేరింది. 1951లో హాలీ జారీ ఆగింది. పూర్తిగా చెల్లుబాటు పోయింది 1959లో. అంటే దాదాపు తొమ్మిదేళ్ళు రెండు సిక్కాలు ఒకే సంతలో తిరిగాయి. మారకం అదే, ఏడుకు ఆరు. బ్యాంకులో ఖాతా ఉన్నవాడికి గొడవ లేదు. ఉదాహరణకు యాభై రూపాయల హాలీ జమా ఉందనుకోండి. గుమాస్తా కలం తిప్పితే 42 రూపాయల 13 అణాల 8 పైలు అవుతుంది. ఇంకా సగం పైకి కాస్త ఎక్కువ మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని పైకి సర్దినా, కిందికి సర్దినా యాభై రూపాయల మీద అది చీమ తలకాయంత. నూర్ల రూపాయలున్న ఖాతాదారుకు అసలు కనబడనే కనబడదు.

ఇప్పుడు సంతలో ఒక్క హాలీ అణాతో నిలబడ్డ మనిషిని తలుచుకోండి. హాలీ అణాకు కల్దార్‌లో ఎంత రావాలి? పది పైల మీద పావు పై చిల్లర. అటువంటి నాణెం ఏ టంకసాలా కొట్టలేదు. ఏడు అణాలు పోగేసుకుని వస్తే ఆరు అణాలు నిక్కచ్చిగా దొరుకుతాయి. ఒక్క అణాతో వస్తే? అంగడివాడు పది పైల సరుకు ఇస్తే మంచివాడు, తొమ్మిది పైల సరుకు ఇస్తే అది మామూలు. ఏడు ఉన్నవాడికి హిసాబ్ పూర్తిగా కుదిరింది. ఒక్కటే ఉన్నవాడు ఎదుటివాడి రహమ్ మీద ఆధారపడ్డాడు. ఈ ముక్క మొత్తంలో నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. నాణెం మార్పిడి కాగితం మీద అందరికీ ఒక్కటే. కానీ భాగారం తెగని ఆ చిల్లర పోగై పోగై ఎప్పుడూ తక్కువ ఉన్నవాడి దగ్గరి నుంచే జారిపోతుంది.

మా ఇంట్లో ఒక కిస్సా ఉంది. మా దాదీ నికాహ్ హాలీ జమానాలో జరిగింది. మెహర్ మూడు వందల యాభై రూపాయలు, సిక్కా రాయిజుల్ వఖ్త్. నికాహ్ రోజున ఇవ్వలేదు, తర్వాత ఇచ్చే షరతు మీద వాయిదా పెట్టారు. మా దాదా అది తీర్చే నాటికి జేబుల్లో కల్దారే తిరుగుతోంది. ఇంట్లో బహస్ వచ్చింది. నికాహ్ వఖ్తు సిక్కా హాలీ కాబట్టి ఏడుకు ఆరు లెక్కన మూడు వందలు ఇస్తే సరిపోతుందని ఒక చిన్నాన్న అన్నాడట. లెక్క ప్రకారం తప్పు లేదు. మూడు వందల యాభైని ఏడుతో భాగిస్తే యాభై, ఆరుతో హెచ్చిస్తే మూడు వందలు, పై కూడా మిగలదు. దాదా మాత్రం మూడు వందల యాభై కల్దార్ లెక్కపెట్టి దాదీ చేతిలో పోశాడట. "కాగితం మీద మూడు వందల యాభై అని ఉంది, ఆమె చదివింది ఆ అంకెనే" అన్నాడని మా అబ్బా చెప్పేవాడు. దాదీ ఆ డబ్బుతో ఒక బర్రెను కొన్నది. ఆ బర్రె పాలు తాగి మా అబ్బా, ఫుప్పులు పెరిగారు.

ఫిఖా తెలిసినవాళ్ళు దీని మీద ఏమంటారో అది వాళ్ళ మైదానం. నాకు నచ్చింది దాదా నియ్యత్. సర్దుబాటు చేయాల్సి వచ్చినప్పుడు తక్కువ చేతిలో ఉన్నవాళ్ళ వైపు సర్దాడు. సర్కార్లు, బ్యాంకులు, దుకాణాలు ఇదే ఉసూల్ పాటిస్తే ఈ వ్యాసం రాయాల్సిన జరూరత్ ఉండేది కాదు.

హాలీ ఇంకా పూర్తిగా చావకముందే ఇంకో తూఫాన్ వచ్చింది. 1955లో నాణేల చట్టాన్ని సవరించి, 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయా పైసలు అన్నారు. అప్పటిదాకా రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు కాణీలు, నూట తొంభై రెండు పైలు. దేశమంతా ఒక్కసారి లెక్క మార్చుకుంటే తెలంగాణవాళ్ళు ఏడేళ్ళలో రెండుసార్లు మార్చుకున్నారు. మొదట హాలీ నుంచి కల్దార్, తర్వాత అణా నుంచి నయా పైసా.

ఈసారి కూడా పెద్దదానికి గొడవ లేదు. రూపాయి రూపాయే. ఎనిమిది అణాలు యాభై పైసలు, నాలుగు అణాలు ఇరవై అయిదు పైసలు, నిక్కచ్చి. కింద మాత్రం తెగదు. అణాకు ఆరుంపావు పైసలు రావాలి. సర్కారు పట్టికలో ఆరు అని రాశారు. రెండు అణాలకు పన్నెండున్నర, పట్టికలో పన్నెండు. మూడు అణాలకు పద్దెనిమిదిం ముప్పావు, పట్టికలో పందొమ్మిది. మారకంలో అరపైసా, అంతకు తక్కువ వస్తే వదిలేయాలి, ఎక్కువ వస్తే పూర్తి పైసా చేయాలి. ఇది కాయిదా. కాయిదాలో తప్పు పట్టడానికి లేదు.

బజారు కాయిదా వేరు. అణా పెట్టి కొనే వస్తువు ధర ఆరు పైసలు అనాలా, ఏడు పైసలు అనాలా? ఆరు అంటే పదహారుసార్లు కొన్నవాడు రూపాయికి బదులు తొంభై ఆరు పైసలు ఇస్తాడు. ఏడు అంటే నూట పన్నెండు పైసలు ఇస్తాడు. మీరే చెప్పండి, దుకాణదారు ఏ అంకె ఎంచుకుంటాడు? నెలకు ఒకసారి బస్తా బియ్యం తెచ్చుకునేవాడికి ఈ తేడా తగలదు. రోజూ అణా నూనె, అణా ఉప్పు, అణా చాయ్‌పత్తి తెచ్చుకునే కూలి ఇంటికి తగులుతుంది. ఏడు హాలీ అణాలు, ఒక్క హాలీ అణా కథే మళ్ళీ.

1964లో "నయా" అనే మాట తీసేశారు, ఉత్త పైసా మిగిలింది. అదే ఏడాది మూడు పైసల బిళ్ళ వచ్చింది. తర్వాత తేలికైన అల్యూమినియం నాణేలు ఒకటి, రెండు, అయిదు, పది పైసలుగా మా చిన్నతనం నిండా గలగలలాడాయి. ఇరవై పైసల ఇత్తడి రంగు తామరపువ్వు బిళ్ళ గుర్తుందా? ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు చారాణ గుర్తుందా? మట్టి గుల్లక్‌లో వేసినప్పుడు అల్యూమినియం పైసా చప్పుడు ఒక తీరు, చారాణ చప్పుడు ఇంకో తీరు.

చిన్న నాణేలకు చావు ఎందుకొస్తుందో కూడా చెప్పుకోవాలి. ఎవరో దుష్మనీతో చంపరు. ధరలు పెరుగుతాయి, నాణెం కొనగలిగేది తగ్గుతుంది. ఇంకోపక్క దానిలోని లోహం ధర పెరుగుతుంది. ఒక దశలో బిళ్ళ మీద రాసిన విలువ కంటే బిళ్ళను కొట్టే ఖర్చు ఎక్కువవుతుంది. అప్పుడు టంకసాల కొట్టడం మానేస్తుంది, దుకాణాలు తీసుకోవడం మానేస్తాయి, మనుషులు పెట్టెలో వేసి మరిచిపోతారు. ఆఖరున సర్కారు మరణ వాంగ్మూలం రాస్తుంది. గవ్వ అలాగే పోయింది, "చిల్లిగవ్వ లేదు" అనే మాటలో మిగిలింది. దమ్మిడీ అలాగే పోయింది, "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అనే సామెతలో మిగిలింది. మన తెలంగాణలో చారాణ పోయినా "చారాణ కోడికి బారాణ మసాలా" ఇంకా ఘాటుగానే ఉంది.

చారాణ మరణ వాంగ్మూలం తారీఖు 2011 జూన్ 30. ఇరవై అయిదు పైసలు, అంతకన్నా తక్కువ విలువ నాణేలన్నీ ఆ రోజు నుంచి చెల్లవని కేంద్ర సర్కారు 1906 నాటి నాణేల చట్టం కింద ఎలాన్ చేసింది. చెల్లింపుకూ చెల్లవు, లెక్కకూ చెల్లవు. ఆ తర్వాత అన్నిటికన్నా చిన్న సిక్కా యాభై పైసలు. చేతిలో ఉన్నవి మార్చుకోవడానికి జూన్ 29 సాయంత్రం బ్యాంకు మూసేదాకా మోహలత్ ఇచ్చారు. మార్చేది మాత్రం ప్రతి బ్రాంచీ కాదు. చిన్న నాణేల డిపో ఉన్న బ్రాంచీల్లో, రిజర్వ్ బ్యాంకు కార్యాలయాల్లో మాత్రమే.

ఈ ఒక్క వాక్యం ఊరివాళ్ళకు ఎలా తగిలిందో చూడండి. డిపో ఉన్న బ్రాంచీ అంటే పట్నంలోది. మా ఊరి నుంచి అక్కడికి పోయి రావడానికి బస్సు కిరాయి, ఒక పూట కూలి. గుల్లక్‌లో ఇరవై చారాణలు ఉన్నాయనుకోండి, మొత్తం అయిదు రూపాయలు. అయిదు రూపాయల కోసం అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టుకుని ఎవరు పోతారు? దర్గా హుండీలు, మస్జిద్ చందా డబ్బాలు, గుడి హుండీలు ఉన్నవాళ్ళు, బస్తాల్లో చిల్లర ఉన్న వ్యాపారులు పోయి ఉంటారు. వాళ్ళకు గిట్టుబాటవుతుంది. ఇంటింటికీ గూట్లో, పోపుల డబ్బాలో, బీరువా అడుగున మిగిలిన పిడికెడు చారాణలు మాత్రం అక్కడే పడుకుండిపోయాయి. చట్టం ఎవరి హఖ్‌నూ కొట్టేయలేదు. హఖ్ దగ్గరికి పోయే దారి మాత్రం కొందరికి పొట్టిగా, కొందరికి పొడుగ్గా ఉంది.

ఇక్కడ బ్యాంకు ఖాతాదారుల ముచ్చట విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మంచి కూడా ఉంది. నాణెం పోయినంత మాత్రాన పైసా పోలేదు. రూపాయికి నూరు పైసలన్న లెక్క ఇప్పటికీ చట్టంలో ఉంది. పెట్రోలు ధరలో పైసలుంటాయి. ఫోన్లో డబ్బు పంపితే పైసలతో సహా పోతుంది. బ్యాంకు వడ్డీ విషయంలో రిజర్వ్ బ్యాంకు ఉసూల్ ఏమిటంటే, డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీ గానీ, అప్పు మీద వసూలు చేసే వడ్డీ గానీ దగ్గరి రూపాయికి సర్దాలి. యాభై పైసలు, అంతకు మించి ఉంటే పై రూపాయి. యాభై లోపు ఉంటే వదిలేయాలి. వడ్డీ 37 రూపాయల 49 పైసలు వస్తే 37, 37 రూపాయల 50 పైసలు వస్తే 38. అయితే ఖాతాదారు రాసిన చెక్కులో గానీ, డ్రాఫ్టులో గానీ పైసలు ఉన్నాయన్న సాకుతో బ్యాంకు దాన్ని తిప్పి పంపకూడదు. సూద్ తీసుకోవాలా వద్దా అన్నది మనలో వేరే బహస్, దాన్ని ఇక్కడ తవ్వను. నేను చూస్తున్నది సర్దుబాటు తీరు. ఇది రెండు దిక్కులా వంగే తరాజు. ఒకసారి ఖాతాదారు నలభై తొమ్మిది పైసలు వదులుకుంటే ఇంకోసారి బ్యాంకు వదులుకుంటుంది. ఏళ్ళ మీద చూస్తే ఇంచుమించు బరాబర్ అవుతుంది.

దుకాణం తరాజు ఒక్క దిక్కే వంగుతుంది. తొమ్మిదిన్నర రూపాయల బిల్లుకు పది తీసుకుంటారు, పదింపావు బిల్లుకు పదిన్నర అడిగేవారు, ఆఠాణ లేదంటే ఒక చాక్లెట్ చేతిలో పెట్టేవారు. అదే చాక్లెట్ మనం తిరిగి ఇస్తే తీసుకునేవాడెవడు? యాభై పైసల నాణెం చట్టప్రకారం ఇవాళ్టికీ రాయిజ్ సిక్కాయే. పదేళ్ళుగా దాన్ని మా ఊరి ఏ దుకాణంలోనూ తీసుకున్నది నేను చూడలేదు. సర్కారు చంపకముందే బజారు చంపేసింది.

ఆఠాణతో ఆగితే సరే. ఆ తర్వాత పది రూపాయల బిళ్ళ మీదికి వచ్చింది ఈ బీమారీ. "పది బిళ్ళ చెల్లదట" అని ఎవడో అఫ్వా లేపాడు. రూపాయి గుర్తు ఉన్నది అసలుదట, లేనిది నకిలీదట, గీతలు పది ఉండాలట, పదిహేను ఉండకూడదట. ఆటోవాడు తీసుకోడు, కూరగాయల అవ్వ తీసుకోదు. చివరికి 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు చెప్పాల్సి వచ్చింది: పది రూపాయల నాణెం అప్పటిదాకా పద్నాలుగు నమూనాల్లో వచ్చింది, అన్నీ చెల్లుతాయి అని. అయినా మా దిక్కు అపనమ్మకం పోలేదు. నాకు తెలిసిన ఒక చాయ్ బండి భాయ్ దగ్గర ఇలా జమైన పది బిళ్ళలు ఒక పాల డబ్బా నిండాయి. వాటిని ఒక బ్యాంకుకు తీసుకెళ్తే కౌంటర్‌లో "ఇంత చిల్లర లెక్కపెట్టే తీరిక మాకు లేదు" అన్నారు. అతను తిరిగొచ్చి నూటికి అయిదు తగ్గించుకుని ఒక వ్యాపారికి ఇచ్చేశాడు. దానికి పేరేమిటి? బట్టా. సాలార్‌జంగ్ తరిమేసిన బట్టా, దొడ్డిదారిన మా సంతలోకి మళ్ళీ వచ్చింది.

కాబట్టి ఖానూన్ ఏం చెబుతుందో ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై నాణేలను ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల దాకా ఇవ్వొచ్చు. యాభై పైసల నాణేలను పది రూపాయల దాకా ఇవ్వొచ్చు. ఇది మనిషికీ మనిషికీ మధ్య హద్దు. బ్యాంకులో మన ఖాతాలో జమ చేసుకోవడానికి ఈ హద్దు లేదు. ఎన్ని నాణేలు తెచ్చినా బ్యాంకులు తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఏ బ్రాంచీ కూడా చిన్న నాణేలను తీసుకోనని తిప్పి పంపకూడదు. అయితే కౌంటర్‌లో కూర్చున్నవాడు కూడా మనిషే, అతని వెనక లైను ఉంటుంది. అందుకే నూరేసి నాణేలు పాలిథిన్ సంచుల్లో కట్టుకుని పోతే ఇద్దరికీ ఆసానీ. అప్పటికీ కాదంటే మేనేజరు గారికి తెలుగులోనే ఒక దర్ఖాస్తు రాసి, రసీదు అడగండి. కాగితం చూస్తే చాలామంది జవాబులు మారతాయి.

నాణేలను బతికించండి అని నేను అనడం లేదు. చారాణకు చాక్లెట్ కూడా రాని రోజుల్లో చారాణ కొట్టడం ఫుజూల్‌ఖర్చీ. రేపు ఆఠాణ కూడా రద్దు కావచ్చు, ఎల్లుండి రూపాయి బిళ్ళ కావచ్చు. నా ఫర్యాద్ రద్దు మీద కాదు, తరీఖా మీద. ఈసారి రద్దు చేసేటప్పుడు మార్పిడి పట్నం డిపోలోనే కాకుండా ఊరి బ్రాంచీలో, పోస్టాఫీసులో, రేషన్ దుకాణంలో జరగాలి. మోహలత్ ఇన్ని రోజులు అని అఖ్బార్‌లో మూల వేయకుండా ఊళ్ళో టాంటాం వేయించాలి. బిల్లు సర్దుబాటు బ్యాంకు వడ్డీలో లాగా రెండు దిక్కులా జరగాలని దుకాణాలకు కూడా హుకుం ఉండాలి.

హాలీ పోయినప్పుడు ఒక్క అణా ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు. చారాణ పోయినప్పుడు ఇరవై చారాణలున్న మనిషిని ఎవరూ అడగలేదు. మీ ఇంట్లో గూట్లోనో, దాదీ నానీల పాత పెట్టెలోనో ఇంకా చార్మినార్ పైలు, తామరపువ్వు బిళ్ళలు, ఖడ్గమృగం చారాణలు ఉంటే పారేయకండి, కరిగించకండి. పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఏడుకు ఆరు లెక్క, అణాకు ఆరుంపావు లెక్క చేయించండి. మిగిలిన ముక్క ఎవరికి పోవాలని వాళ్ళనే అడగండి.